పనిముట్టు – శాస్త్రం: చేబ్రోలు శాసనం నుంచి డిజిటల్ తెర వరకు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కళాభ్యాసంలో పనిముట్టుకూ శాస్త్రానికీ ఉన్న సంబంధాన్ని చారిత్రక ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• చేబ్రోలు శాసనాల, జాయప సేనాని ‘నృత్తరత్నావళి’ ప్రాముఖ్యాన్ని తెలుపగలుగుతారు.
• ఆధునిక డిజైన్ విద్య ఆవిర్భావాన్ని, కంప్యూటర్‌లో తెలుగు లిపి ఎదుర్కొన్న సమస్యలను చర్చించగలుగుతారు.

1. విషయ పరిచయం

డిజైన్ చదువులో చేరిన విద్యార్థికి మొదటి నెలల్లో ఒకే ఆరాటం ఉంటుంది: సాఫ్ట్‌వేర్ ఎప్పుడు నేర్పుతారు? పొరలు పరచడం, రంగులు మార్చడం, గీతను వంచడం చేతికి వస్తే డిజైనర్ అయిపోయినట్లే అనిపిస్తుంది. కళా సిద్ధాంతం పరీక్ష కోసం చదవవలసిన పాఠంగా మిగిలిపోతుంది. కొంత కాలానికి పరిస్థితి తిరగబడుతుంది. పనిముట్టు చేతిలోకి వస్తుంది, కానీ దానితో ఏమి చేయాలో తెలియదు. చేసిన పోస్టరు బాగుందో లేదో, బాగాలేకపోతే ఎందుకు బాగాలేదో చెప్పడానికి మాటలు దొరకవు.

ఈ చిక్కు కంప్యూటర్‌తో పుట్టింది కాదు. ఉలి పట్టిన శిల్పికీ, గజ్జె కట్టిన నర్తకికీ, గంటం పట్టిన లేఖకుడికీ ఇదే ప్రశ్న ఎదురైంది. ఆ చరిత్రను తెలుసుకోవడానికి గుంటూరు జిల్లాలోని చేబ్రోలు ఒక అనువైన చోటు. గుంటూరు నుంచి పొన్నూరు వెళ్ళే దారిలో ఉన్న ఈ ఊరిలో దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ళ కళాచరిత్ర కనిపిస్తుంది.

2. చేబ్రోలు: రాయి మీద అక్షరం

చేబ్రోలుకు ప్రాచీన నామం తాంబ్రాపె. తరువాతి సంస్కృత శాసనాల్లో ఇది తామ్రపురి. ఇక్కడి భీమేశ్వరాలయం వద్ద దొరికిన ఒక శాసనం గురించి 2019 డిసెంబరులో భారత పురావస్తు శాఖ శాసన విభాగం వెల్లడించింది. అది శాతవాహన రాజు విజయుని అయిదవ పాలనా సంవత్సరానికి, అంటే సా.శ. 207కు చెందినది. తాంబ్రాపెలోని సప్తమాతృకల గుడి వద్ద కార్తీకుడనే వ్యక్తి ప్రాసాదాన్ని, మండపాన్ని కట్టించి విగ్రహాలు ప్రతిష్ఠించినట్లు అది తెలుపుతుంది. దక్షిణ భారతదేశంలో ఇంతవరకు దొరికిన కాలం తెలిసిన సంస్కృత శాసనాల్లో ఇదే తొలిదని శాసన విభాగం ప్రకటించింది.

డిజైన్ విద్యార్థికి ఇందులో మరొక పాఠం కూడా ఉంది. భాష సంస్కృతం, లిపి బ్రాహ్మి. ఆ బ్రాహ్మి నుంచే శతాబ్దాల మీదుగా నేటి తెలుగు లిపి రూపొందింది. ఈ మార్పులో పనిముట్లకు పాత్ర ఉంది. ఉలికి తిన్నని గీత సులువు. తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు ఈనె వెంబడి అడ్డగీత గీస్తే ఆకు చీలుతుంది. అందుకే అక్షరాలు గుండ్రబడ్డాయని చాలామంది చెబుతారు. అయితే పనిముట్టు ఒక్కటే లిపిని తీర్చిదిద్దలేదు. ఏ అక్షరం ఏ అక్షరంతో కలవకుండా విడిగా గుర్తుపట్టేలా ఉండాలన్న ఆలోచన కూడా దాని వెనుక ఉంది. ‘మ’కూ ‘య’కూ, ‘ప’కూ ‘వ’కూ మధ్య ఉన్న కొద్దిపాటి తేడాను చదివేవారి కన్ను పట్టుకోవాలి. పనిముట్టు హద్దును నిర్ణయిస్తే, ఆ హద్దు లోపల రూపాన్ని నిర్ణయించింది ఆలోచన.

3. జాయప సేనాని: శాస్త్రం రాసిన సేనాపతి

కాకతీయ గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయప. చేబ్రోలులో ఆయన వేయించిన శాసనం శక సంవత్సరం 1135, అంటే సా.శ. 1213 నాటిది. తండ్రి పేరిట ఇక్కడ చోడేశ్వరాలయాన్ని కట్టించాడు. ఇదే జాయప సా.శ. 1253–54 ప్రాంతంలో ‘నృత్తరత్నావళి’ అనే సంస్కృత గ్రంథాన్ని రచించాడు. అందులో ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగు భరతుని సంప్రదాయమైన మార్గ నృత్యాన్ని, తరువాతి నాలుగు దేశి నృత్యాలను వివరిస్తాయి.

ఇక్కడ మనం గమనించవలసినది ఈ సరిసమాన విభజన. మార్గం అంటే శాస్త్రం ఆమోదించిన దారి. దేశి అంటే ఆయా ప్రాంతాల ప్రజలు ఆడుతూ వచ్చినది. పేరణి, రాసకం, చిందు, కోలాటం వంటివి ఆనాటికే జనంలో ఉన్నాయి. శాస్త్రం వచ్చి వాటిని పుట్టించలేదు. జాయప వాటిని చూశాడు, పేర్లు పెట్టి వర్గీకరించాడు, అడుగులనూ భంగిమలనూ మాటల్లోకి తెచ్చాడు. ఆయన గుండామాత్యుని వద్ద నృత్యవిద్య నేర్చుకున్నాడు. అంటే ఆడుతున్న వారిని చూసి, నేర్చుకుని, ఆపైన రాశాడు. అభ్యాసం ముందు, శాస్త్రం తరువాత.

అయితే శాస్త్రం వెనుక వచ్చిందంటే అవసరం లేదని కాదు. 1213లోనే రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. ఆ గుడిలో నర్తకుల, వాద్యకారుల శిల్పాలున్నాయి. కాలక్రమంలో పేరణి ఆడేవారు కరువయ్యారు. ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ (1923–2011) ఆ నృత్యాన్ని పునరుద్ధరించడానికి పూనుకున్నప్పుడు ఆయనకు ఆధారమైనవి ప్రధానంగా రెండు: నృత్తరత్నావళి, రామప్ప శిల్పాలు. శిల్పం ఒక్క క్షణపు భంగిమను మాత్రమే చూపుతుంది. దానికి ముందూ వెనుకా ఉన్న కదలికను చెప్పలేదు. గ్రంథం కదలికను చెబుతుంది. శరీరపు బరువును, ఒంపును చూపలేదు. రెండూ కలిస్తేనే, వాటికి నర్తకుని సాధన తోడైతేనే నృత్యం మళ్ళీ లేచి నిలిచింది.

భారతీయ కళాచింతనలో ఈ అవగాహన పాతదే. విష్ణుధర్మోత్తర పురాణంలోని సంవాదంలో మార్కండేయుడు వజ్రుడికి చెప్పేది ఇదే: ప్రతిమాలక్షణం తెలియాలంటే చిత్రం తెలియాలి, చిత్రం తెలియాలంటే నృత్యం తెలియాలి, నృత్యానికి వాద్యం, వాద్యానికి గానం తెలియాలి. ఒక కళను నేర్చుకోవడమంటే దాని పనిముట్టును నేర్చుకోవడంతో సరిపోదని ఈ వరుస సూచిస్తుంది.

4. ఆధునిక కాలం: కళాశాల, కర్మాగారం, తెర

వలస పాలనలో కళావిద్య పాఠశాల గదిలోకి వచ్చింది. అలెగ్జాండర్ హంటర్ 1850లో మద్రాసులో కళాపాఠశాలను ప్రారంభించాడు. కులవృత్తిగా ఇంట్లో తండ్రి నుంచి కొడుకు నేర్చుకునే పని, పాఠ్యప్రణాళిక ఉన్న చదువుగా మారడం మొదలైంది. 1910లో మచిలీపట్నంలో ఏర్పడిన ఆంధ్ర జాతీయ కళాశాల దీనికి స్వదేశీ సమాధానం. అక్కడ ప్రమోద కుమార చటోపాధ్యాయ చిత్రకళ నేర్పారు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడు.

ఐరోపాలోనూ ఇదే మథనం జరిగింది. 1919లో జర్మనీలోని వైమార్ నగరంలో వాల్టర్ గ్రోపియస్ స్థాపించిన బౌహౌస్ పాఠశాలలో తొలినాళ్ళలో ప్రతి కార్యశాలకూ ఇద్దరు గురువులుండేవారు. ఒకరు రూపం గురించి బోధించే కళాకారుడు, మరొకరు పని నేర్పే వృత్తి నిపుణుడు. శాస్త్రాన్నీ పనిముట్టునూ ఒకే మనిషి నేర్పగలిగే రోజు వచ్చేదాకా ఇద్దరినీ ఒకే గదిలో నిలబెట్టాలన్నది వారి ఉద్దేశం.

స్వతంత్ర భారత ప్రభుత్వ ఆహ్వానం మేరకు అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో ఒక నివేదిక సమర్పించారు. మన ఇళ్ళలోని చెంబును వారు అందులో గొప్ప డిజైన్‌కు ఉదాహరణగా చూపారు. ఎన్ని నీళ్ళు పట్టాలి, నడుము మీదా తల మీదా ఎలా నిలవాలి, వంచితే ధార ఎలా పడాలి, తోమడానికి ఎలా వీలుండాలి అన్న ప్రశ్నలన్నీ ఆ రూపంలో ఇమిడి ఉన్నాయి. దానిని ఏ ఒక్కరూ డిజైన్ చేయలేదు; తరతరాల వాడుక దానిని తీర్చింది. ఈ నివేదిక ప్రేరణతో 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించిన జాతీయ డిజైన్ సంస్థ 2015లో గుంటూరు సమీపంలోని నాగార్జున నగర్‌లో, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ ప్రాంగణంలో తరగతులు ప్రారంభించింది. జాయప ఏలిన ఊరికి అది దూరం కాదు.

5. కంప్యూటర్‌లో తెలుగు అక్షరం

ఇవాన్ సదర్లాండ్ 1963లో రూపొందించిన స్కెచ్‌ప్యాడ్‌తో తెర మీద నేరుగా గీయడం సాధ్యమైంది. అదే దశాబ్దంలో ఫ్రాన్స్‌లో పియర్ బెజియే కార్ల తయారీ కోసం వాడిన వక్రరేఖల గణితమే నేడు ప్రతి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. 1985లో పేజ్‌మేకర్, 1987లో ఇలస్ట్రేటర్, 1990లో ఫొటోషాప్ వచ్చాయి. మన పట్టణాల్లో డి.టి.పి. కేంద్రాలు వెలిశాయి. శుభలేఖల నుంచి కరపత్రాల దాకా అన్నీ అక్కడే తయారయ్యేవి.

కానీ ఆ తొలి ఫాంట్లలో ఒక లోపం ఉండేది. ఒక్కొక్క సంస్థ తెలుగు అక్షరాలకు తనకు తోచిన సంకేతాలు ఇచ్చుకుంది. ఒక కంప్యూటర్‌లో టైపు చేసిన పాఠాన్ని ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపించేవి. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగుకు స్థానం దక్కింది. అది విస్తృతంగా వాడుకలోకి రావడానికి మాత్రం ఏళ్ళు పట్టింది.

‘స్త్రీ’ అనే మాటను తీసుకోండి. కంటికి ఒకే గుర్తు. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి. చివర వచ్చే గుడిని తెచ్చి మొదటి హల్లు పైన నిలపాలి. త వత్తును, ర వత్తును కింద అమర్చాలి. ఈ పని చేయడానికి ఫాంటు రూపకర్తకు సాఫ్ట్‌వేర్ తెలిస్తే చాలదు, తెలుగు అక్షర నిర్మాణం తెలియాలి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరుసల ఎడాన్నే తెలుగుకూ ఉంచితే పై వరుస వత్తులూ కింది వరుస గుడులూ ఢీకొంటాయి. చాలా పోస్టర్లలో మనం చూసే పొరపాటు ఇదే. సాఫ్ట్‌వేర్ ఈ తప్పును ఎత్తిచూపదు, కన్ను పట్టుకోవాలి. ఆ కన్నుకు శిక్షణ ఇచ్చేదే సిద్ధాంతం.

6. దూరవిద్యా విద్యార్థికి ఈ చరిత్ర ఎందుకు?

మీలో చాలామందికి స్టూడియో లేదు, పక్కన నిలబడి సరిదిద్దే గురువు లేరు. ఉన్నది ఒక కంప్యూటర్, లేదా ఒక ఫోను. అందువల్ల మీకు పనిముట్టు వైపే మొగ్గు ఎక్కువగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ పాఠాలు ఎక్కడైనా దొరుకుతాయి. మీ పనిని చూసి మాట్లాడేవారు దొరకడం కష్టం. గురువు లేని చోట ఆ ప్రశ్నలు అడిగే పని సిద్ధాంతానిది. పైగా సాఫ్ట్‌వేర్ మారుతూ ఉంటుంది. పేజ్‌మేకర్ మాత్రమే నేర్చుకున్నవారు అది మూలపడినప్పుడు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. అక్షరాల మధ్య ఎడం, పుటలో సమతూకం తెలిసినవారు కొత్త పనిముట్టును కొద్ది వారాల్లో పట్టుకోగలిగారు.

అలాగని సిద్ధాంతాన్నే పట్టుకుని కూర్చోవడం కూడా తగదు. జాయప గుండామాత్యుని వద్ద నేర్చుకోకుండా నృత్తరత్నావళి రాసి ఉండేవాడు కాదు.

అభ్యాసం: మీ ఊరిలోనో దగ్గరలోనో ఉన్న ఒక శాసనాన్ని లేదా పాత గుడి గోడ మీది రాతను చూడండి. అందులో ఒక అక్షరాన్ని ముందు పెన్సిలుతో, తరువాత కంప్యూటర్‌లో గీయండి. చేతికి సులువై తెరకు కష్టమైనదేది, తెరకు సులువై చేతికి కష్టమైనదేది అన్నది పది వాక్యాల్లో రాయండి.

7. సారాంశం

చేబ్రోలులోని సా.శ. 207 నాటి శాసనం నుంచి నేటి యూనికోడ్ ఫాంటు వరకు పనిముట్లు అనేకసార్లు మారాయి. ప్రతి మార్పులోనూ పనిముట్టు కొన్ని హద్దులు పెట్టింది, కొన్ని దారులు తెరిచింది. జాయప సేనాని జీవితం శాస్త్రం అభ్యాసం నుంచి పుడుతుందని తెలుపుతుంది. పేరణి పునరుద్ధరణ అభ్యాసం ఆగిపోయినప్పుడు శాస్త్రం దానిని నిలబెట్టగలదని తెలుపుతుంది. డిజైన్ విద్యార్థికి రెండూ కావాలి.

8. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కళాభ్యాసంలో పనిముట్టుకూ శాస్త్రానికీ ఉన్న సంబంధాన్ని చేబ్రోలు ఉదాహరణల ఆధారంగా చర్చించండి.
2. ఆధునిక డిజైన్ విద్య రూపుదిద్దుకున్న క్రమాన్ని వివరించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మార్గ, దేశి నృత్యాల భేదాన్ని తెలపండి.
2. పేరణి పునరుద్ధరణకు ఉపకరించిన ఆధారాలేవి?
3. యూనికోడ్‌కు ముందు తెలుగు ఫాంట్లలో ఉన్న ప్రధాన సమస్య ఏమిటి?