వృత్తివిద్యకు నిలకడైన పద్దు ఏది?

ప్రభుత్వ పాఠశాలల్లో వృత్తివిద్య ఎందుకు నిలదొక్కుకోలేదని అడిగితే పిల్లలకు ఆసక్తి లేదనీ, తల్లిదండ్రులకు చిన్నచూపనీ అంటారు. అది కొంతవరకే నిజం. పద్దుల వైపు నుంచి చూస్తే వేరొక చరిత్ర కనబడుతుంది.

1937 అక్టోబరులో వార్ధా విద్యా మహాసభలో గాంధీజీ చేతిపని ద్వారా చదువు అనే భావనను దేశం ముందుంచారు. పిల్లలు తయారుచేసిన వస్తువుల అమ్మకంతో ఉపాధ్యాయుని జీతం గడవాలని ఆయన ఆశించారు. పథకాన్ని రూపొందించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ సంఘం మాత్రం, ఖర్చు రాబట్టుకోలేకపోయినా విద్యగా దీనికి విలువ ఉన్నదని స్పష్టం చేసింది. అంటే, ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న ఆనాడే పుట్టింది.

1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పూటబడి పెట్టి, మిగిలిన పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నది. అది కులవృత్తి చదువని పెద్ద ఆందోళన చెలరేగి, 1954లో రద్దయింది. బడిలో పనిముట్టు గాని, గురువు గాని ఏర్పాటు చేయకుండా పని నేర్పే బాధ్యతను ఇంటికి వదిలేస్తే, పేదవాని బిడ్డ తండ్రి వృత్తిలోనే మిగిలిపోతాడన్నది ఆ ఆందోళన సారాంశం.

అదే 1953లో డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన గల మాధ్యమిక విద్యా కమిషన్ నివేదిక వచ్చింది. సాంకేతిక, వాణిజ్య, వ్యవసాయ శాఖలు సహా ఏడు శాఖలతో మల్టీపర్పస్ హైస్కూళ్ళు పెట్టమన్నది. అంతేకాదు, పనివారి నైపుణ్యం వలన లాభపడేది పరిశ్రమలే కనుక వాటిపై పారిశ్రామిక విద్యా సెస్సు విధించి, ఆ సొమ్మును వృత్తివిద్యకు వినియోగించాలని సూచించింది. పాఠశాలలైతే వచ్చాయి, ఆ సెస్సు మాత్రం రాలేదు.

1964–66 నాటి కొఠారీ కమిషన్ కూడా వృత్తివిద్యకు పెద్దపీట వేసింది. 1986 జాతీయ విద్యావిధానం, ప్లస్ టూ స్థాయిలో 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం విద్యార్థులను వృత్తి కోర్సులలోకి తేవాలన్నది. 1988లో కేంద్ర ప్రాయోజిత పథకం మొదలైంది. గడువులు తరువాత పొడిగించారు. లక్ష్యం మాత్రం అందలేదు.

బిల్లులు పాస్ చేసే సీటులో కూర్చున్నవారికి దీని మర్మం తెలుసు. యంత్రాల కొనుగోలు ఒక్కసారి ఖర్చు. ప్రణాళికా పద్దులో సులువుగా మంజూరవుతుంది. బోధకుని జీతం, ముడిసరుకు, మరమ్మతులు ఏటేటా వచ్చే ఖర్చు. పథకం గడువు తీరితే ఆ భారం రాష్ట్ర ప్రణాళికేతర పద్దు మీద పడేది. ఆర్థిక శాఖ కొర్రీలు వేసేది. అందుకే అనేకచోట్ల పార్ట్‌టైమ్, కాంట్రాక్టు బోధకులతోనే కాలం నెట్టుకొచ్చారు. 2017–18 నుంచి ప్రణాళికా, ప్రణాళికేతర విభజన పోయింది. తాత్కాలిక నియామకాల అలవాటు పోలేదు.

2018లో వచ్చిన సమగ్ర శిక్షలో మన రెండు తెలుగు రాష్ట్రాలకు కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్ళుగా నిధులు నిర్ణయమయ్యాయి. 2020 విద్యావిధానం 2025 నాటికి సగం మంది విద్యార్థులకైనా వృత్తివిద్య పరిచయం కావాలన్నది. ఆ గడువు కూడా దాటింది.

సెస్సు సంగతి మరొకటి. మాధ్యమిక, ఉన్నత విద్య పేరిట 2007లో ఒక శాతం సెస్సు వేశారు. ఆ సొమ్ముకు ప్రత్యేక నిధి ఏర్పాటుకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది 2017లో! 2018 నుంచి విద్య, ఆరోగ్యం కలిపి నాలుగు శాతం. ఆదాయపు పన్ను కట్టే పెన్షనరు కూడా ఇది చెల్లిస్తున్నాడు. కాబట్టి అడిగే హక్కు మనకున్నది.

మన ఊరి హైస్కూలులో వృత్తి కోర్సు పెట్టారని విన్నప్పుడు సభ్యులు మూడు ప్రశ్నలు వేయాలి: బోధకుని పోస్టు మంజూరైనదా? ముడిసరుకుకు ఏటా బడ్జెట్ ఉన్నదా? యంత్రం చెడితే బాగుచేయించే సొమ్ము ఏ పద్దులో ఉన్నది? ఈ మూడింటికీ జవాబున్నచోటే వృత్తివిద్య నిలుస్తుంది. లేనిచోట మిగిలేది స్టాకు రిజిస్టరులో ఒక పద్దు, గదిలో తుప్పుపట్టిన యంత్రం.