వాచ్ నైట్ నడిచొచ్చిన దారి

డిసెంబరు 31 రాత్రి రాయ్‌పూర్ చర్చిల్లో దీపాలు ఆరవు. పాటలు ఎక్కువగా హిందీలోనే వినిపిస్తాయి. రైల్వే ఉద్యోగాల మీదో వ్యాపారం మీదో విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు వాచ్ నైట్ అనే మాట ఊహ తెలిసినప్పటి నుంచీ పరిచయమే. పాటలు, సాక్ష్యాలు, పాస్టరుగారి ప్రసంగం, పన్నెండు కొట్టగానే మోకాళ్ల మీద ప్రార్థన, ఆ తరవాత పళ్లెంలోంచి తలా ఒక వాగ్దాన కార్డు. కొత్త ఏడాది సంబరం ఈ రాత్రికి తరవాత వచ్చి చేరింది. దీని మూలం అంతకంటే చాలా పాతది. ప్రభువు ఏ జామున వస్తాడో తెలియదు కాబట్టి మెలకువగా ఉండాలన్న నమ్మకం అది.

నాలుగో శతాబ్దం చివర బేత్లెహేములో కూర్చుని బైబిలుకు వ్యాఖ్యానాలు రాసిన జెరోము దీన్ని ప్రస్తావించాడు. ఈస్టరు ముందు రాత్రి అర్ధరాత్రి వేళ క్రీస్తు వస్తాడని క్రైస్తవులు ఎదురుచూసేవారని, అందుకే ఆ వేళ దాటేదాకా జనాన్ని ఇళ్లకు పంపే ఆనవాయితీ లేదని రాశాడు. పెళ్లికొడుకు కోసం దివిటీలతో కనిపెట్టుకుని ఉన్న పదిమంది కన్యకల ఉపమానం దగ్గర ఈ మాట వస్తుంది. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఆ ఉపమానం పక్కనే, యజమాని అప్పగించిన తలాంతులతో వ్యాపారం చేసిన దాసుల కథ ఉంది. ఆ వెంటనే ఆకలిగొన్నవారికి అన్నం పెట్టారా, రోగిని చూడబోయారా అన్న తీర్పు ఉంది. ఎదురుచూపును పని నుంచి, సేవ నుంచి విడదీసిన ప్రతిసారీ చిక్కు వచ్చింది. మొదటి శతాబ్దంలోనే థెస్సలొనీక సంఘంలో కొందరు పనీపాటా మానేసి తిరుగుతుంటే, పని చేయనివాడు తినకూడదని పౌలు గట్టిగా రాయాల్సి వచ్చింది. 1844 అక్టోబరు 22న క్రీస్తు తప్పక వస్తాడని నమ్మిన అమెరికా రైతుల్లో కొందరు పంట కోయకుండా పొలాల్లోనే వదిలేశారు.

ఇప్పుడు మనకు తెలిసిన రూపంలో వాచ్ నైట్ జర్మనీలోని హెర్న్‌హుట్‌లో మొదలైంది. జింజెన్‌డార్ఫ్ అనే కులీనుడి ఎస్టేటులో తలదాచుకున్న మొరేవియన్ కాందిశీకులు 1727లో గంటగంటకూ మనుషులు మారుతూ రాత్రింబవళ్లు ప్రార్థన సాగించే ఏర్పాటు చేసుకున్నారు. అది నూరేళ్లకు పైగా ఆగకుండా నడిచిందంటారు. ఆ ఊరి నుంచే 1732లో లియోనార్డ్ డోబర్ అనే కుమ్మరి, డేవిడ్ నిచ్‌మన్ అనే వడ్రంగి కరీబియన్‌లోని సెయింట్ థామస్ దీవిలో బానిసల దగ్గరికి వెళ్లారు. 1733లో మొరేవియన్లు ఏడాది చివరి రాత్రిని జాగరణగా గడిపారు.

దాన్ని కూలి జనం దగ్గరికి చేర్చింది మాత్రం ఇంగ్లండులో బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్ బొగ్గు గని పనివాళ్లు. శనివారం రాత్రి సారా దుకాణంలో గడిపే అలవాటున్నవాళ్లు జాన్ వెస్లీ బోధ విన్నాక అక్కడి బడిలో చేరి, తెల్లవారుజాము దాకా ప్రార్థన చేయసాగారు. ఇదేం వింత, ఆపించండి అని కొందరు వెస్లీకి సలహా ఇచ్చారు. ఆయన ఆలోచించి, తొలినాటి క్రైస్తవులు చేసిందీ ఇదే కదా అని తానూ వెళ్లి కూర్చున్నాడు. రోజు కూడా నిర్ణయించాడు: పున్నమికి దగ్గరగా వచ్చే శుక్రవారం. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దారి కనబడాలి కదా! లాంతరు కొనలేని మనిషి కూడా చంద్రుడి వెలుగులో ఇల్లు చేరతాడని ఆలోచించిన ఆ ఏర్పాటులో ఒక కాపరి మనసు కనిపిస్తుంది. 1742 ఏప్రిల్ 9న లండన్‌లో మొదటి జాగరణ జరిగింది. 1755లో వెస్లీ నిబంధన ఆరాధన కూడా మొదలుపెట్టాడు. ప్రభువు ఏ పనిలో పెట్టినా, పనిలేకుండా పక్కన ఉంచినా సమ్మతమేనని విశ్వాసి ఒప్పుకునే ఆరాధన అది. చాలాచోట్ల అది కొత్త సంవత్సరం ఆరాధనలో కలిసిపోయింది. 1862 డిసెంబరు 31న అమెరికాలో నల్లజాతి సంఘాలు, తెల్లారితే అమల్లోకి రాబోయే లింకన్ విముక్తి ప్రకటన కోసం ఆ రాత్రంతా మేలుకున్నాయి.

ఛత్తీస్‌గఢ్‌కు ఈ నిరీక్షణను తెచ్చినవారు వెస్లీ మనుషులు కారు. రాంచీలో గోస్నర్ మిషన్‌లో పనిచేసి, 1857 తిరుగుబాటు కాలంలో దేశం వదిలి అమెరికా చేరిన జర్మన్ పాదిరి ఆస్కార్ లోర్, 1868లో తిరిగొచ్చి అప్పటి రాయ్‌పూర్ జిల్లాలో బిశ్రాంపూర్ స్థాపించాడు. గురు ఘాసీదాస్ అనుచరులైన సత్‌నామీలు ఒకే దేవుణ్ణి కొలుస్తారని విని, ఊళ్లకు ఊళ్లే తరలివస్తాయని ఆశపడ్డాడు. అలా జరగలేదు. కొద్దిమందే వచ్చారు. ఆయన మాత్రం వెనుదిరగలేదు. బడి నడిచింది, మందులిచ్చే పనీ సాగింది. ఫలితం కోసం ఆగకుండా అప్పగించిన పనిని చేసుకుపోవడమనే నమ్మకత్వానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ రాయ్‌పూర్ పాఠకుడికి దొరకదు.

1897 కరువులో ఆ బిశ్రాంపూర్ మిషనే రాయ్‌పూర్–బిలాస్‌పూర్ రోడ్డు వైపు బైతల్‌పూర్ దగ్గర చందఖురీలో కుష్ఠు రోగులకు ఆశ్రయం పెట్టింది. ఇంట్లోంచి, ఊళ్లోంచి వెళ్లగొట్టబడినవాళ్లకు అక్కడ పుండు కడిగి కట్టు కట్టే చేతులు దొరికాయి. తెలుగు నేల మీద ఈ పనిని వెస్లీ బాటలో నడిచిన వెస్లియన్లూ చేశారు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో స్కాట్లండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్, భర్త జార్జి కెర్‌తో కలిసి 1915లో కుష్ఠు ఆసుపత్రి మొదలుపెట్టింది. రోజులు కాదు, ఏళ్లు పట్టే చికిత్స అది. చాల్‌మూగ్రా నూనె సూదిమందు నొప్పి భరిస్తూ రోగులు మళ్లీ మళ్లీ రావాలి, డాక్టరు ప్రతిసారీ అక్కడ ఉండాలి.

చందఖురీ ఆసుపత్రి ఇప్పుడు లెప్రసీ మిషన్ చేతిలో ఉంది. బహుళ ఔషధ చికిత్స వచ్చాక రోగం నయమవుతోంది. అయినా కుష్ఠు కేసులు ఇంకా ఎక్కువగా బయటపడే రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. స్పర్శ పోయిన పాదానికి తగిన చెప్పులు, వంకర్లు పోయిన వేళ్లకు శస్త్రచికిత్స కావాల్సినవాళ్లు ఆ గేటు దగ్గరికి ఇవాళ్టికీ వస్తున్నారు.