కోలారు పసిడి, పలుగురాతి దుమ్ము



మన గార్లదిన్నె ప్రాంతమున నీటికై రాతిని తొలుచుట క్రొత్త సంగతి కాదు. పూర్వము సమ్మెటతో, ఉలితో తొలిచెడివారు. నేడు బోరుబండి తొలుచుచున్నది. అప్పుడు లేచు తెల్లని దుమ్ము కూలివాని కనుబొమలపై పేరుకొనుట మీరును చూచియే యుందురు. అది కంటికి కనబడు దుమ్ము. ప్రాణము తీయునది కనబడనిది.

దీని చరిత్ర తెలియవలెనన్న కోలారు బంగారు గనులకు పోవలెను. 1880లో జాన్ టెయిలర్ సంస్థ అచట పని యారంభించెను. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు సీమలనుండి తెలుగువారును తమిళులును, పేదలు, అచటికి వలసపోయిరి. 1902లో శివసముద్రమునుండి విద్యుచ్ఛక్తి వచ్చెను. చాంపియన్ రీఫు గని క్రమముగా మూడు కిలోమీటర్ల లోతు దాటెను. బంగారము పలుగురాతి పొరలలో నుండుటచే ఆ రాతిని తొలిచి, మందు పెట్టి ప్రేల్చి, పొడిచేయుటయే అచటి పని.

పలుగురాతిలోని పదార్థమును సిలికా యందురు. వెంట్రుక మందములో పదవపాలుకంటె సన్నని దాని రేణువులు ఊపిరితిత్తుల కడపటి గాలిగదులవఱకు పోవును. వానిని మ్రింగవచ్చిన రక్షకకణములు తామే చచ్చును. అచట మానిన పుండు మచ్చవలె గట్టిముద్ద లేర్పడును. మన పూర్వులు ‘తిత్తి’ యని యెంత చక్కని పేరు పెట్టిరి! కమ్మరి తిత్తి తోలు ఎండి బిగిసిన నెట్లు సాగదో, ఈ తిత్తియు నట్లే సాగదు. గాలి చాలదు. పని మానినను రోగము ముదురవచ్చును. పైగా క్షయ సులభముగా సోకును.

ఈ సంగతి పాతదే. 1556లో అచ్చయిన అగ్రికోలా గ్రంథమున, కార్పేథియను గనులప్రాంతమున ఏడుగురు భర్తలను పోగొట్టుకొన్న స్త్రీలు కలరని యున్నది. 1700లో ఇటలీ వైద్యుడు రమజ్జీని, రోగిని ‘నీ పని యేమి?’ అనియు నడుగుమని వైద్యులకు చెప్పెను. అయినను కోలారులో ఈ వ్యాధిని గూర్చిన నివేదిక 1934లో గాని వెలువడలేదు. మైసూరు ప్రభుత్వము నిబంధనలు చేసినది 1940లో. 1947లో ప్రకటితమైన పరిశీలనలో, పరీక్షింపబడిన ఏడువేలకు పైబడిన కార్మికులలో నూటికి నలుబదిమందికి పైగా ఈ వ్యాధి కానవచ్చెను. అంతకు ముందటి యేబది యేండ్లలో ఇట్లు పోయినవారిలో ఎందఱు క్షయరోగుల లెక్కలో చేరిరో! 2001లో గనులు మూతపడునాటికి తీసిన పసిడి సుమారు 800 టన్నులు. దానికి లెక్క కలదు.

నా పూర్వశిష్యు డొకడు బోరుబండిపై చాలకాలము పనిచేసెను. దగ్గు, ఆయాసము పట్టగా ఒక వైద్యుడు వృత్తి యడుగకయే క్షయమందు లిచ్చెను. ఆరు మాసములు మ్రింగెను, గుణము లేదు. మఱియొకరు పని యేమని యడిగి, ఎక్స్‌రే చూచి, సంగతి చెప్పిరి. ఆ మచ్చలను కరగించు మందు లేదు. తొలుచునప్పుడు నీరు పారించి దుమ్మును అణచుటయు, తగిన ముసుగు ధరించుటయు ముందుగా చేయవలసినవి.

అతని తమ్ముడు నేటికిని ఆ బండిపైననే యున్నాడు. మూతికి తుండుగుడ్డ కట్టుకొనుచున్నాడు. ఆ నేతసందులలో ఈ రేణువులు వందలుగా దూరిపోవును.