ఆడపిల్లల హాస్టలు: విశ్వవిద్యాలయ చరిత్రలో రాయని అధ్యాయం

మన వాళ్లు స్త్రీవిద్య చరిత్ర రాసేటప్పుడు 1874లో వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టిన ఘట్టంతో మొదలుపెడతారు. 1910 నాటి ‘దిద్దుబాటు’ దగ్గర కాసేపు ఆగి, చదువుకున్న కమలిని మొగుణ్ణి ఎలా దారికి తెచ్చిందో చెప్పి సంతోషిస్తారు. ఆ తర్వాత పేజీ తిప్పేసరికి ఎం.ఏ.లూ, పిహెచ్.డి.లూ ప్రత్యక్షమవుతాయి. ఈ మధ్యలో జరిగిందేమిటో ఎవరూ అడగరు. బడి ఊళ్లో ఉంటుంది, సాయంత్రానికి పిల్ల ఇల్లు చేరుతుంది. విశ్వవిద్యాలయం పట్నంలో ఉంటుంది. రాత్రికి ఆ పిల్ల ఎక్కడ పడుకోవాలి?

ఇది చిల్లర ప్రశ్న అని సిద్ధాంతప్రియులైన మన విమర్శకులకు తోచవచ్చు. ఇరవయ్యేళ్లుగా పల్లెటూరి హైస్కూల్లో తెలుగు చెబుతున్నవాణ్ణి కాబట్టి నాకలా తోచదు. కూతుర్ని పై చదువుకు పంపాలనుకునే తండ్రి ముందుగా అడిగేది సిలబస్ గురించీ కాదు, ఫీజు గురించీ కాదు. “హాస్టలుందా మేష్టారూ?” అంటాడు. లేదంటే ఆ మాట అక్కడితో సరి.

1926లో బెజవాడలో ఏర్పడి, 1930లో వాల్తేరుకు తరలిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక సంగతి చూడండి. ఉప్పు సత్యాగ్రహంలో జైళ్లకు వెళ్లివచ్చిన దుర్గాబాయి, ఎనిమిదో ఏట జరిగిన పెళ్లిని కాదనుకుని, కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష ప్రైవేటుగా ప్యాసై, 1930లలో బి.ఏ. ఆనర్స్‌లో రాజనీతిశాస్త్రం చదవడానికి వాల్తేరులో సీటడిగింది. అప్పుడు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ‘కవిత్వతత్త్వ విచారం’తో ప్రాచీనతా దురభిమానాన్ని చీల్చి చెండాడిన నవ్యుడు ఆయన. స్త్రీవిద్యకు విరోధి అని ఆయన్ను ఎవరూ అనలేరు. అయినా ఆడపిల్లలకు హాస్టలు లేదు గనక సీటివ్వడం కుదరదన్నారు. (అంతకు చాలా ఏళ్ల ముందే, ఊరి చెరువు కోసం ప్రాణమిచ్చిన కోడలిని కావ్యనాయికను చేసిన కవి ఆయనే. కావ్యంలో ఆడదానికి చోటివ్వడం సులువు!)

దుర్గాబాయి పత్రికలో ప్రకటన వేయించింది. హాస్టలు లేక చదువు ఆగిపోయిన ఆడపిల్లలు తనకు రాయమంది. రాశారు. వాళ్లంతా కలిసి ఒక చోటు చూసుకుని తమ హాస్టలు తామే పెట్టుకున్నారు. ఆ తర్వాతే వైస్ ఛాన్సలర్ గారి అభ్యంతరానికి ఆధారం లేకుండా పోయింది. ఆత్మకథలో ఆమె దీన్ని ఒక చిన్న ఉదంతంగానే చెప్పుకుంది. మనం అలా చూడకూడదు. నిబంధనల్లో స్త్రీలకు నిషేధం లేదు. ద్వారం తెరిచే ఉంది, లోపల కాలు పెట్టేందుకు నేల లేదు. హక్కును కాగితం మీద ఉంచి, దాన్ని వాడుకోవడానికి కావలసిన భౌతిక పరిస్థితిని నిరాకరించడం ఉదారవాదానికి అలవాటైన పని.

పరాయి దేశాల్లోనూ కథ ఇంతే. కేంబ్రిడ్జిలో స్త్రీలకు ఉపన్యాసాలు మొదలైనప్పుడు, దూరం నుంచి వచ్చేవాళ్లు ఉండేదెక్కడ అన్న చిక్కు వచ్చింది. 1871లో హెన్రీ సిడ్జ్‌విక్ ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటే, అందులో అయిదుగురు విద్యార్థినులు చేరారు. తర్వాత న్యూన్‌హాం కళాశాల అయినది ఆ అద్దె ఇల్లే. ఇంట్లో ఉండనిచ్చారు, పాఠం విననిచ్చారు, పట్టా మాత్రం ఇవ్వలేదు. 1897లో ఆ ప్రశ్న ఓటుకు వచ్చినప్పుడు, సైకిలు మీద కూర్చున్న ఆడబొమ్మను వీధిలో వేలాడదీసి మగ విద్యార్థులు వెటకారం చేశారు. అక్కడ స్త్రీలకు పూర్తి పట్టా 1948లో గాని దక్కలేదు. మన కలకత్తాలో కాదంబినీ, చంద్రముఖీ బసూ 1883లోనే పట్టభద్రులయ్యారు. సీమదొరలు మనకు నాగరికత నేర్పారనేవారు ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ వేశారు. దాని అధ్యక్షుడు రాధాకృష్ణన్. 1931 నుంచి 1936 దాకా మన వాల్తేరులో వైస్ ఛాన్సలర్‌గా ఉన్నవారు. పదిమంది సభ్యుల్లో ఒక్క స్త్రీ లేదు. స్త్రీవిద్య అవసరాన్ని గట్టిగానే చెప్పిన ఆ నివేదిక, ఆమెకు తగినవి అంటూ గృహవిజ్ఞానం, నర్సింగు, ఉపాధ్యాయ వృత్తి వంటివి ఎంచిపెట్టింది. పదేళ్ల తర్వాత, 1958లో, స్త్రీవిద్యపై జాతీయ సంఘానికి అధ్యక్షురాలైనది దుర్గాబాయే. 1959లో వచ్చిన ఆ నివేదికకు సూక్తుల కంటే ఏర్పాట్ల మీద ధ్యాస ఎక్కువ. డబ్బు, ఉపాధ్యాయినులకు నివాసాలు, విద్యార్థినులకు వసతి. ప్రకటన వేసి హాస్టలు పెట్టుకున్న మనిషి చెయ్యి అందులో తెలుస్తుంది.

హాస్టళ్లు వచ్చాయి. వాటితోపాటు గేట్లూ వచ్చాయి. దీన్ని గురించి నా సంగతి ఒకటి చెప్పాలి. నేను ఎం.ఏ. చదివిన చోట గ్రంథాలయం రాత్రి తొమ్మిదిదాకా తెరిచి ఉండేది. ఆడపిల్లల హాస్టలు గేటు ఆరున్నరకు మూసేవారు. నిఘంటువులూ, పాత పత్రికల సంపుటాలూ బయటికిచ్చేవారు కారు. సాయంత్రం ఆరు దాటగానే నా తరగతిలో నాకంటే బాగా చదివే అమ్మాయిలు పుస్తకం మధ్యలో కాగితం ముక్క పెట్టి లేచిపోయేవారు. ఆ పుస్తకమే నేను తీసుకుని తొమ్మిదిదాకా చదివేవాణ్ణి. నాకు మంచి మార్కులొచ్చాయి. చాలా ఏళ్లపాటు అదంతా నా ప్రతిభే అనుకున్నాను.

ఇది ప్రకృతి నియమం కాదనీ, పోరాడవలసిన విషయమనీ మా కంటే ముందే తెలిసినవాళ్లున్నారు. 1974లో హైదరాబాదులో ఏర్పడిన ప్రగతిశీల మహిళా సంఘంలో విద్యార్థినులే ముందు నిలిచారు. ‘ఈవ్ టీజింగ్’ అని ముద్దుపేరు పెట్టి నవ్వేసిన వేధింపుల మీద, కట్నం మీద వాళ్లు వీధికెక్కారు. మరుసటి ఏడే వచ్చిన ఎమర్జెన్సీ ఆ గొంతు నొక్కింది. 1997లో విశాఖ కేసు తీర్పు వచ్చాకే పనిచేసేచోటా, చదివేచోటా ఫిర్యాదు కమిటీ ఉండాలన్న మాట అధికార భాషలోకి ఎక్కింది.

గేటు మాత్రం కదల్లేదు. భద్రత పేరుతో విద్యార్థినుల మీద వివక్షతో కూడిన ఆంక్షలు పెట్టరాదని 2013లో యు.జి.సి.వారి ‘సక్షమ్’ నివేదికే చెప్పింది. 2015లో ఢిల్లీ విద్యార్థినులు ‘పింజ్రా తోడ్’ అన్నారు, అంటే పంజరం బద్దలుకొట్టమని. 2017 సెప్టెంబరులో కాశీ విశ్వవిద్యాలయంలో, తోటి విద్యార్థినిపై జరిగిన వేధింపుకు న్యాయమడిగిన ఆడపిల్లలపై రాత్రివేళ లాఠీలు విరిగాయి. దుర్గాబాయి మెట్రిక్ పరీక్ష రాసింది ఆ విశ్వవిద్యాలయానికే.

ఇప్పుడు లెక్కలు గొప్పగానే ఉన్నాయి. 2020-21 ప్రభుత్వ సర్వే ప్రకారం దేశంలో ఉన్నత విద్యలో ఉన్న నాలుగు కోట్ల చిల్లర మందిలో 49 శాతం ఆడపిల్లలు. తెలంగాణలో 2016లో సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలలు పెట్టి, సీటుతోపాటు వసతి కూడా ఇచ్చాక కూలీల ఇళ్ల పిల్లలు డిగ్రీకి వచ్చారు. ఎన్ని ఉపన్యాసాలు చేయలేని పని అది! అయితే 49 శాతం అన్న అంకె, ఆ పిల్ల గ్రంథాలయంలో ఎన్నింటిదాకా కూర్చోగలదో చెప్పదు.

మన పరిశోధక విద్యార్థులు నవలల్లో స్త్రీ పాత్రల మీద సిద్ధాంత గ్రంథాలు రాస్తూనే ఉన్నారు. వాళ్లలో కొందరైనా ఈ పని చేపట్టాలి. హాస్టళ్ల పాత ప్రవేశ రిజిస్టర్లు, మెస్సు లెక్కలు, నిబంధనల పుస్తకాలు, ఆలస్యంగా వచ్చినందుకు సంజాయిషీగా పిల్లలు వార్డెనుకు రాసిచ్చిన చీటీలు, చెదలు తినకుండా మిగిలినవన్నీ వెతకాలి. తొలి తరాల్లో ఆ గదుల్లో ఉండి చదివినవారిలో బతికున్నవారి మాటలు ముందుగా రాసుకోవాలి. రిజిస్టర్లు ఇంకో పదేళ్లు ఆగుతాయేమో, వాళ్లు ఆగరు.