తుపాకీ దించిన ఆట

టోక్యో. 2022 అక్టోబర్. ఓ స్టూడియో గది. కెమెరాలన్నీ లోపలికే తిరిగి ఉన్నాయి. వాటి మధ్యలో ఎస్.ఎస్. రాజమౌళి. ఇన్నేళ్ళూ కెమెరా వెనకాల నిలబడి వందలమందిని పరుగెత్తించిన మనిషి. ఇప్పుడు ఆయన వంతు. కదలకూడదు.

‘ఆర్ఆర్ఆర్’ జపాన్ థియేటర్లలోకి వచ్చేది ఆ నెల 21న. ప్రచారానికి వచ్చిన దర్శకుడు కాస్త తీరిక చేసుకుని వెళ్ళింది సినిమా ఆఫీసుకి కాదు. వీడియో గేములు చేసే హిదెయో కొజిమా దగ్గరికి. ముఖాన్ని స్కాన్ చేశామని కొజిమాయే ఫొటోలతో సహా బయటపెట్టాడు. ఏ ఆట కోసమో మాత్రం నోరు విప్పలేదు.

అసలు ఈ కొజిమా ఎవరు?

1986. కోనామీ కంపెనీలో కొత్తగా చేరిన కుర్రాడు. మొదట చేతికొచ్చిన ఆట మధ్యలోనే అటకెక్కింది. తర్వాత ఇంకోటి అప్పగించారు. యుద్ధం ఆట చెయ్యమన్నారు. మిషన్ పేరు ఎమ్మెస్సెక్స్2, ఇళ్ళలో వాడే చిన్న కంప్యూటర్. దాని తెర మీద ఒక అడ్డవరసలో కదిలే బొమ్మలు 8 మాత్రమే నిలుస్తాయి. తొమ్మిదోది వచ్చిందా, మాయం. హీరో ఒకడు, శత్రువులు నలుగురు, నాలుగు తూటాలు. అంతే, లెక్క దాటిపోయింది. తూటాలు పట్టని తెర మీద యుద్ధం ఎలా చేస్తాడు?

చెయ్యలేదు. దాక్కోమన్నాడు.

1987లో ‘మెటల్ గేర్’ వచ్చింది. హీరో చేతిలో తుపాకీ లేదు, జేబులో సిగరెట్ పెట్టె తప్ప ఇంకేం లేదు, ఈదుకుంటూ శత్రువు కోటలోకి చేరి, గోడ చాటున ఊపిరి బిగబట్టి కాపలావాడి చూపు ఎటు తిరుగుతోందో కనిపెట్టి, ఆ చూపు తప్పిన ఒక్క క్షణంలో ఇంకో గోడ దాకా పరుగెత్తి, మళ్ళీ ఆగి, మళ్ళీ చూసి, అలా అంగుళం అంగుళం లోపలికి దూరాలి. కాపలావాడు చూశాడా, వాడి తలమీద ఆశ్చర్యార్థకం గుర్తు లేస్తుంది. ఆడేవాడి గుండె జారుతుంది.

సముద్రం అవతల వేరే గాలి వీస్తోంది. 1993 డిసెంబర్. అమెరికాలోని టెక్సస్ నుంచి ‘డూమ్’ దిగింది. తెర అడుగున తుపాకీ, వెనకాల నువ్వు. ఎదురొచ్చినదాన్నల్లా పేల్చెయ్. ఆ తర్వాత ‘కౌంటర్ స్ట్రైక్’. 2002లో ‘వైస్ సిటీ’: ఊరంతా నీది, నచ్చిన కారు లాక్కో, నచ్చిన దారిన పో. మన ఊళ్ళ ఇంటర్నెట్ సెంటర్లలో కుర్రాళ్ళు గంటకింత కట్టి రాత్రిళ్ళు అతుక్కుపోయింది వీటికే. ఆ కిక్కు అబద్ధం కాదు. ఇంట్లో, బళ్ళో ఎవరో ఒకరి మాట వింటూ బతికే పిల్లాడికి ఒక ఊరు మొత్తం ఇచ్చి ఏలుకోమంటే ఎందుకు వదులుతాడు?

అంతకుముందు వాళ్ళ అన్నలు, ప్లాస్టిక్ కాసెట్టులో దుమ్ము ఊది ఆడినవి మారియో, కాంట్రా. రెండూ జపాన్‌వే. కాంట్రాలో అడుగడుక్కీ కాల్పులే. కాబట్టి జపాన్‌వాడు తుపాకీ ముట్టడని కాదు. కానీ అక్కడి గొప్ప ఆటల్లో చాలావాటికి పుట్టుక ఇంకెక్కడో ఉంది. క్యోటో దగ్గర సొనోబె అనే ఊళ్ళో షిగెరు మియమోటో అనే పిల్లాడు లాంతరు పట్టుకుని గుహలో దూరాడు. 1986లో ‘జెల్డా’ అయ్యింది ఆ గుహే. భయం, ఆసక్తి, ముందుకి ఒక్క అడుగు. పడమటి ఆట మనకి బలం ఇచ్చి పంపిస్తుంది. జపాన్ ఆట బలం దాచిపెట్టి పంపిస్తుంది. పట్టి లాగేది ఆ దాచిపెట్టడమే.

2015 డిసెంబర్. కొజిమా కోనామీ నుంచి బయటికొచ్చేశాడు. సొంత స్టూడియో తెరిచాడు. తర్వాతి ఆట ఏమిటా అని అందరూ ఎదురుచూస్తున్నారు. ఆయన మాట్లాడింది కర్ర గురించి, తాడు గురించి. కోబో అబే రాసిన కథలో ఉన్న ఆలోచన అది. మనిషి చేసుకున్న మొదటి పనిముట్టు కర్ర, కీడుని దూరం పెట్టడానికి. రెండోది తాడు, కావలసినదాన్ని దగ్గరికి కట్టుకోవడానికి. ఆటలన్నీ కర్రతోనే సాగుతున్నాయి. తాడుతో ఆట కడితే?

2019 నవంబర్ 8న ‘డెత్ స్ట్రాండింగ్’ వచ్చింది. హీరో మూటలు మోస్తాడు. అంతే. వీపు మీద పెట్టెలు, ఎదురుగా కొండ, నడుములోతు ఏరు. బరువు ఎడమకి ఒరిగితే కుడి మీట నొక్కి నిలదొక్కుకోవాలి. వాన పడితే పెట్టెలు తినేస్తుంది. ఎవరో ముక్కూమొహం తెలీని ఆటగాడు వదిలిన నిచ్చెన నీ దారిలో కనపడుతుంది. నువ్వు కట్టిన తాడు ఇంకొకడికి పనికొస్తుంది. ఇదేం ఆట, ఉత్త నడక అని విసుక్కున్నవాళ్ళున్నారు. మన మన్యంలో, చింతపల్లి కొండల్లో రోడ్డులేని గూడెం నుంచి నిండు చూలాలిని డోలీ కట్టి మోసుకొచ్చినవాళ్ళకి మాత్రం ఆ ఆట సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

2025 జూన్ 26. రెండో భాగం విడుదలైంది. టోక్యోలో స్కాన్ చేసిన ముఖం ఎక్కడికి పోయిందో తేలింది. రాజమౌళి అందులో ‘సాహసికుడు’. కొడుకు కార్తికేయ, సాహసికుడి కొడుకు. ‘ఆర్ఆర్ఆర్’ తీసిన చేతులు తాడు ఆటలో కలిశాయి. ఆ సినిమాలో రామరాజు ఊరికి తుపాకులు చేర్చడం కోసమే బతుకుతాడు. సినిమా కథ కల్పితం. అసలు అల్లూరి సీతారామరాజు తుపాకులు తీసుకున్న రోజు మాత్రం కల్పితం కాదు.

చింతపల్లి. 1922 ఆగస్టు 22. ఆగస్టంటే ఈ కొండల మీద ముసురు. పోడు కొట్టొద్దని అడవి చట్టం. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు పని, కూలి మాత్రం చేతికి రాదు. డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు చెబితేనే గూడేలు మండిపోతున్నాయి. గాం గంటందొర, మల్లుదొర రాజు వెంట నడిచారు. మూడొందల మంది దాకా పోలీస్ స్టేషన్ని చుట్టేశారు.

ఒక్క ప్రాణం పోలేదు.

11 తుపాకులు. 1390 గుళ్ళు. 5 కత్తులు, 14 బాయనెట్లు. తీసుకుని అడవిలోకి మాయమైపోవచ్చు. కానీ రాజు ఆగాడు. స్టేషన్ రికార్డు పుస్తకంలో ఏమేం తీసుకెళ్తున్నాడో రాశాడు. కింద సంతకం పెట్టాడు.

ఈ స్టేషన్ని డూమ్ దారిలో ఆటగా కడితే తలుపు తన్ని లోపలికెళ్తాం, అయిదు నిమిషాల్లో గది నిండా శవాలు. కొజిమా దారిలో కడితే చాటున నక్కి, ఎవర్నీ చంపకుండా లోపలికెళ్ళి, ఆ 1390 గుళ్ళూ భుజానేసుకుని, జారే ఘాట్‌లో వానలో దిగాలి. ఎందుకంటే మర్నాడే కృష్ణదేవిపేట స్టేషన్. ఆ మర్నాడు, 24న రాజవొమ్మంగి. అక్కడ నిర్బంధంలో ఉన్న వీరయ్యదొరని విడిపించాలి. మూడు రోజులు, మూడు స్టేషన్లు, 26 తుపాకులు.

ఆ మూడు రోజుల్ని ఆటగా కట్టగల కుర్రాళ్ళు హైదరాబాద్ స్టూడియోల్లో ఉన్నారు. కట్టండి. కాల్పులు ఎన్ని పెట్టుకుంటారో మీ ఇష్టం. రికార్డు పుస్తకంలో సంతకం పెట్టే ఘట్టం మాత్రం ఆడేవాడి చేత్తోనే చేయించండి.