మైకుసెట్టు రొద

వక్త పెదవి విప్పకమునుపే పందిరియెల్ల వ్యాపించియుండు 'గుంయ్' మను మంద్రధ్వనిని శ్రోతలు యంత్రదోషమని తలంతురు. మైకుసెట్టువారు 'హమ్మింగు' అందురు. నిజమునకు అది మన తీగలలో ప్రవహించు విద్యుత్తు స్వరమే. సెకనుకు 50 ఆవృత్తుల చొప్పున దిశ మార్చుకొను ఆ ప్రవాహము, దారి దొరకినచోటనెల్ల 50 ఆవృత్తుల నాదముగనో, దానికి రెట్టింపైన 100 ఆవృత్తుల నాదముగనో చెవిని బడును. దాని పూర్వోత్తరములను విచారించినచో అది యంత్రముల మంచిచెడ్డల కథ మాత్రమే కాదు. విద్యుత్తునకును భూమికిని మనము కుదిర్చిన సంబంధముయొక్క చరిత్ర యని తెలియగలదు.

ఆ చరిత్రకు తెలంగాణలోని పటేల్‌గూడ యొక నిదర్శనము. అమీన్‌పూర్, బీరంగూడల సరసనున్న ఆ యూరు ఒకప్పుడు సేద్యమును నమ్ముకొనిన పల్లె. 1960 దశకమున రామచంద్రాపురములో టర్బైనులను, జనరేటర్లను నిర్మించు భెల్ కర్మాగారమును, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ సంస్థయు, ఆ పిమ్మట పారిశ్రామికవాడయు వెలయగా, ఈ ప్రాంతము పొలముల నడుమనుండి త్రీఫేజు తీగల నడుమకు వచ్చిచేరెను. బీరంగూడ గుట్టపై మల్లికార్జునస్వామికి శివరాత్రి జాతర జరిగినను, వీధిలో గణపతి నవరాత్రులు జరిగినను, పెండ్లి పందిరి లేచినను, మైకుసెట్టు లేనిదే అది వేడుక యనిపించుకొనదు.

కరెంటు చేరని కాలమున తెలంగాణ పల్లెలలో హరికథలకును సభలకును మైకుసెట్టు బ్యాటరీలమీదనే పలికెడిది. ఆ వాల్వుల ఆంప్లిఫయరులో వైబ్రేటరు చేయు గరగర యుండినను, మెయిన్సు రొద యుండెడిది కాదు. మెయిన్సే లేదు గదా! కరెంటు వచ్చిన పిదప రొదయు దాని వెంటనే వచ్చెను. వాల్వు తంతువులను ఏసీతో వేడిచేయుట యొక కారణము. ఏసీని డీసీగా మార్చి నునుపుచేయవలసిన కండెన్సరులు వేడికి ఎండి బలహీనపడుట మరియొక కారణము. కండెన్సరు మార్చిన వెంటనే 100 ఆవృత్తుల మ్రోత యణగుట ఆనాటి రేడియో మెకానిక్కులకు నిత్యానుభవము.

అయినను జనులు దానిని అంతగా పట్టించుకొనలేదు. వేపకొమ్మకు కట్టిన లోహపు గొట్టపు స్పీకరు సుమారు 300 ఆవృత్తులకు దిగువ నాదమును పలుకజాలదు కావున, అది జల్లెడవలె రొదను తనలోనే నిలుపుకొని మాటను మాత్రమే వెలికి విడిచెను. గొట్టపు కంఠము కీచుగానున్నదని నవ్వినవారికి అది చేయుచుండిన ఈ ఉపకారము తెలియదు. పెట్టె స్పీకర్లును, వాని వెనుక డీజే బేసు పెట్టెలును వచ్చిన నాడు, దశాబ్దములుగా తీగలలో దాగియున్న 50 ఆవృత్తులు ఒక్కపెట్టున పందిట్లోకి దిగివచ్చెను.

అప్పటికి లోపము ఆంప్లిఫయరు పెట్టెలోనుండి మైదానములోనికి మారియుండెను. వేదికమీది కీబోర్డు ఒక బోర్డునుండియు, దూరముననున్న మిక్సరు మరియొక బోర్డునుండియు కరెంటు తీసికొనినప్పుడు, ఆ రెండింటి ఎర్తులును ఒకే వోల్టేజిలో నుండవు. తేడా స్వల్పమైనను, రెంటిని కలుపు కేబులు పైపొర గుండ విద్యుత్తు ప్రవహించి, పాటతో పాటు తానును మిక్సరులో జొరబడును. మోటార్లు, వెల్డింగు యంత్రములు నడచుచోట ఈ తేడా హెచ్చు. అనుభవజ్ఞుడగు ఆపరేటరు తొట్రుపడడు. మిక్సరులో వాల్యూము పూర్తిగ తగ్గించి చూచును. రొద తగ్గనిచో తప్పు మిక్సరునకు ఆవలనున్న తీగలోనో ఆంప్లిఫయరులోనో ఉన్నదని యెంచును. తగ్గినచో వేదికవైపు నడచి, ఒక్కొక్క జాకును ఊడదీయుచు పోవును. దేనిని తీయగానే మ్రోత నిలుచునో అదియే దొంగ.

ఇచ్చటనే ఒక దురాచారము ప్రబలెను: ప్లగ్గులోని ఎర్తు పిన్నును కోసివేయుట. రొద తక్షణమే మాయమగును. కాని లోపల ఫేజు తీగ లోహపు పెట్టెకు తగిలిననాడు, తడినేలపై నిలిచి మైకు పట్టిన గాయకుని దేహమే ఎర్తు తీగ యగును. మరికొందరు వేదికకడ క్రొత్త గుంట త్రవ్వి, ఉప్పు, బొగ్గు నింపి నీరు పోయుదురు. ఎర్తు గుంట ప్రాణరక్షకు అవసరమే గాని, పాతదానితో కలుపక వేరుగ త్రవ్వినచో రెండు ఎర్తుల తగవు మరింత ముదురును.

సరియైన చికిత్స క్రొత్తది గాదు. టెలిఫోను తీగలను జంటగ మెలిపెట్టు పద్ధతికి గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు పొందెను. రెండు తీగలలో ధ్వని పరస్పర విరుద్ధముగను, రొద సమానముగను ప్రయాణించును. ఆవలివైపు యంత్రము వాని భేదమును మాత్రమే గ్రహించుటచే రొద రొదనే హరించుకొనును. బ్యాలెన్సుడు కేబులుయొక్క సూత్ర మిదియే. అంతటి కేబులు వాడినను, దాని పైపొరను పరికరము లోపలి సర్క్యూటునకు తగిలించినచో శ్రమ వృథా యనియు, లోపలికి రాకముందే లోహపు పెట్టెకు కలుపవలెననియు నీల్ మన్సీ యను ఇంజనీరు 1995లో సోపపత్తికముగ నిరూపించెను.

కావున సౌండువారిని నిందించుటకు ముందు పందిరి కమిటీవారు చేయదగిన పని యొకటి కలదు. సౌండు పరికరముల కన్నిటికి ఒకే బోర్డునుండి, చెడని ఎర్తుతో కరెంటు నిప్పించి, సీరియలు దీపములకు వేరు లైను చూపవలెను. అట్లు చేసిన పందిట్లో పిన్ను కోయవలసిన అగత్యము ఆపరేటరునకు కలుగదు. మైకు పట్టినవాని ప్రాణమునకును ముప్పు తప్పును.