డిమ్నా చెరువు – దల్మా అడవి

జంషెడ్‌పూరును ఎడారి యనిన విన్నవారు నవ్వుదురు. ఏటేట 1200 మిల్లీమీటర్లకు మించి వాన పడు సీమ కది చెల్లని పేరు. అయినను ఛోటానాగపూరు పీఠభూమి రాతినేల, అందును వాలునేల యగుటచే, ఆషాఢ శ్రావణములలో కురిసినదంతయు సువర్ణరేఖా ఖర్కాయీ నదుల వెంట పరుగెత్తిపోవును. వైశాఖము నాటికి వాగులు ఎండి, ఇసుకలో చెలమలు త్రవ్వుకొను గతి పల్లెలకు పట్టును. సాక్చి కడ ఉక్కు కర్మాగారమునకు చోటు వెదకినవారు ఇనుపరాతితో సమానముగా నీటిని గణించియే ఈ నదీసంగమ ప్రాంతమునకు మొగ్గిరి. 1912లో తొలి ఉక్కు దిమ్మ వెలువడెను. 1919లో సాక్చి జంషెడ్‌పూరును, కాలిమాటి స్టేషను టాటానగరును అయినవి. ఉత్తరాంధ్రము నుండి కూలికి వచ్చి కదమా, బిష్టుపూరులలో కాపురములు నిలుపుకొనిన మన తెలుగువారితో సహా జనము పెరిగినకొలది దాహమును పెరిగినది.

అందుకై 1940వ దశకమున టాటా కంపెనీవారు ఊరికి పదమూడు కిలోమీటర్ల దవ్వున, దల్మా కొండ పాదమున, డిమ్నా వాగున కడ్డముగా కట్ట వేయించిరి. కొలిమికిని కుళాయికిని ఉద్దేశింపబడిన యీ నీరు కొండకును అక్కరకు వచ్చినదని నా అభిప్రాయము. వేసవిలో నీరు వెనుకకు తగ్గగా బయటపడిన బురద అంచున గిట్టల గుర్తులు ఒకదానిపై నొకటి పడి, ఎండకు గట్టిపడి యుండును. దల్మా ఏనుగులు వానల పిదప వంగసీమ వైపు సాగి, ఎండలకు మరల కొండనీటిని వెదకికొనుచు వచ్చును. ఇక కొండ చేసిన మేలు చెప్పవలెనన్న, సాలవృక్షములును ఇప్పచెట్లును వేళ్లతో మన్నును పట్టి యుంచని యెడల కొద్దికాలముననే చెరువు పూడికతో నిండెడిది. 1976లో సుమారు 193 చదరపు కిలోమీటర్ల దల్మా అడవి అభయారణ్యమైనది. అడవిని కాచుట యన్న చెరువును కాచుటయే.

అయితే ఈ చరిత్రలో మునిగిన పొలములును గలవు. కట్ట వెనుక ఆదివాసుల ఊళ్ల సాగుభూములు నీటి పాలైనవి. వారి సంతతివారు నేటికిని తమ హక్కును అడుగుచునే యున్నారు. పౌషమాసపు వనభోజనములకు వేలుగా పోయి విస్తళ్లు విడిచివచ్చు మన నగరవాసులము గట్టు శోభను పొగడుదుము గాని, ఆ ఊళ్ల పేర్లు చెప్పగలవారు మనలో అరుదు. చెరువు చరిత్ర వ్రాయుచో తొలి పుటలో ఉండవలసినవి ఆ పేర్లే.